వరి కోసిన మడిలో విమానం: చేతినుంచి వదిలే ముందు

సంక్రాంతికి రెండు మూడు వారాల ముందునుంచే మా విజయనగరం చుట్టుపక్కల రేడియోతో నడిపే ఆటవిమానాలవాళ్లకు పండుగ మొదలవుతుంది. వరి కోతలు పూర్తవుతాయి, మళ్లు ఆరతాయి, తుపానుల భయం తగ్గుతుంది. వానాకాలం మొత్తం అటక మీద పడి ఉన్న విమానం కిందికి దిగుతుంది. నేను చూసినంతలో ఎక్కువ విమానాలు విరిగేదీ ఆ మొదటి ఆదివారమే. గాలిలో చెయ్యి తడబడి పడేవి కొన్నే. మిగతావాటికి నేల మీద ఉండగానే రాత రాసిపెట్టి ఉంటుంది.

నాదే చెబుతాను. ఒక శనివారం రాత్రి ఐలెరాన్లను (రెక్కల వెనకంచున కదిలే పలకలు) నడిపే సర్వో (చిన్న మోటారు) పాడైతే కొత్తది బిగించాను. తెల్లవారి నెల్లిమర్ల దగ్గర చంపావతి పక్క మళ్లలోకి వెళ్లేసరికి గట్ల మీద పిల్లలు బారులు తీరి ఉన్నారు. వాళ్లను ఆట్టే ఎదురుచూడనివ్వడం ఇష్టంలేక చేతిలోని ట్రాన్స్‌మిటర్ (విమానానికి ఆదేశాలు పంపే రేడియో పెట్టె) స్టిక్ అటూ ఇటూ తిప్పాను, రెక్కల మీది పలకలు కదిలాయి, చాలనుకున్నాను. విమానం లేచి కాస్త ఎడమకు వాలింది. కుడికి తోశాను; ఇంకా ఎడమకు వాలింది. మరింత గట్టిగా కుడికి తోశాను. మూడో సెకనుకు ముక్కు మట్టిలో ఉంది. కొత్త సర్వో పాతదానికి ఎదురు దిశలో తిరుగుతోంది. పలకలు కదులుతున్నాయా అని చూశాను గాని, ఎటు కదులుతున్నాయో చూడలేదు.

అందుకే మొదటి పరీక్ష దిశలదే. తోక వెనక నిలబడండి, విమానం ముక్కు మీకు అవతలి వైపు ఉండాలి. ఎదురుగా నిలబడి చూస్తే కుడి ఎడమలు తారుమారై మనల్ని మనమే మోసం చేసుకుంటాం. స్టిక్ కుడికి తోస్తే కుడి రెక్క ఐలెరాన్ పైకి లేవాలి, ఎడమది కిందికి దిగాలి. ఎలివేటర్ స్టిక్‌ను మీ వైపు లాగితే తోక మీది అడ్డ పలక పైకి లేవాలి. రడ్డర్, అంటే తోక మీది నిలువు పలక, వెనకనుంచి చూస్తే స్టిక్ ఎటు పోతే అటే తిరగాలి. ‘కుడి, కుడిది పైకి’ అని నోటితో అంటూ చేయండి. పిల్లలు నవ్వుతారు, నవ్వనివ్వండి. ఒకే ట్రాన్స్‌మిటర్‌తో రెండు మూడు విమానాలు నడిపేవారు తెర మీద ఏ విమానం పేరుందో అంతకంటే ముందు చూసుకోవాలి. వేరే విమానం సెట్టింగులతో ఎగరేస్తే దిశలన్నీ తలకిందులు కావచ్చు.

రెండోది బరువు కేంద్రం, అంటే విమానం సమంగా తూగే చోటు. శిక్షణ విమానాలకు ఇది సాధారణంగా రెక్క ముందంచునుంచి వెడల్పులో పావు భాగం, మూడో భాగం మధ్య ఉంటుంది. రెక్క 20 సెంటీమీటర్ల వెడల్పుంటే ముందంచుకు 5 నుంచి ఆరున్నర సెంటీమీటర్ల వెనక అన్నమాట. అక్కడ రెండు రెక్కల కిందా గుర్తు పెట్టి, చూపుడువేళ్ల మీద నిలపండి. ముక్కు కొద్దిగా కిందికి వాలితే మంచిది. తోక కిందికి జారితే మాత్రం ఎగరేయకండి. ముక్కు బరువైన విమానం మొండిగా ఎగురుతుంది, తోక బరువైనది చేతి మాట వినదు. ఈ పరీక్ష బ్యాటరీ పెట్టాకే చేయాలి. ఇంట్లో ఖాళీగా తూచి, మడిలో పెద్ద బ్యాటరీ కుక్కినవాళ్లను చూశాను.

అటక మీదినుంచి దిగిన విమానానికి ఇంకొంచెం ఓపిక కావాలి. మన కోస్తా తేమకు సర్వోనుంచి పలకలకు వెళ్లే పుష్‌రాడ్ కడ్డీలు తుప్పు పడతాయి, జిగురు అతుకులు వదులవుతాయి. ప్రతి పలకనూ రెండు వేళ్లతో పట్టి మెల్లగా లాగండి. కీలు ఊడేదైతే అక్కడే ఊడాలి. పంకా (ప్రొపెల్లర్) అంచున గోటితో రాయండి, గోరు తట్టిన చోట పగులుంటే దాన్ని పారేయండి. అతికించి వాడేది కాదు అది.

లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ ఉబ్బి ఉంటే ఇక దాని సంగతి ముగిసినట్టే. ఉబ్బనిదైతే నిండుగా ఛార్జి అయ్యాక ఒక్కో సెల్ 4.2 వోల్టులు చూపాలి, మూడు సెల్‌లదైతే మొత్తం 12.6. ఒక సెల్ మిగతావాటికంటే బాగా వెనకబడితే నమ్మవద్దు. 2200 మిల్లీఆంపియర్ అవర్ల బ్యాటరీకి 2.2 ఆంపియర్ల ఛార్జి చాలు. బండల నేల మీద, కళ్లముందు పెట్టి ఛార్జి చేయండి. మంచం మీద వద్దు, రాత్రంతా అసలే వద్దు. ట్రాన్స్‌మిటర్‌లో టైమర్ పెట్టుకుని, మూడో వంతు ఛార్జి మిగిలి ఉండగానే దించేయండి.

మడిలో స్విచ్చుల వరుస తప్పకూడదు. థ్రాటిల్ (మోటారు వేగం పెంచే స్టిక్) అడుగున ఉంచి ముందు ట్రాన్స్‌మిటర్ వెయ్యాలి, తర్వాతే విమానంలో బ్యాటరీ తగిలించాలి. దిగాక ముందు విమానం బ్యాటరీ తీసి, చివర ట్రాన్స్‌మిటర్ ఆపాలి. బ్యాటరీ తగిలిన క్షణంనుంచి పంకా తిరుగుతున్నట్టే లెక్క. దాని ముందుగానీ పక్కనగానీ ఎవరూ ఉండకూడదు. పిల్లలందరూ మీ వీపు వెనక గట్టు మీదే.

ఫెయిల్‌సేఫ్‌ను (సిగ్నల్ పోతే మోటారును ఆపే ఏర్పాటు) ఇంటి దగ్గరే, పంకా ఊడదీసి పరీక్షించండి. మోటారు తిరుగుతుండగా ట్రాన్స్‌మిటర్ ఆపితే మోటారు ఆగిపోవాలి. విమానంలో ఆదేశాలు అందుకునే రిసీవర్లు కొన్ని సిగ్నల్ పోతే చివరి ఆదేశాన్నే పట్టుకుని ఉంటాయి. అలాంటిది నిండు వేగంతో ఊరి మీదికి పోతుంది. రేంజ్ పరీక్ష మడిలో చేయాలి. ట్రాన్స్‌మిటర్‌ను తక్కువ శక్తి మోడ్‌లో పెట్టి, దాంతో వచ్చిన పుస్తకంలో రాసినంత దూరం, సుమారు ముప్పై అంగలు, నడిచి పలకలు తడబడకుండా కదులుతున్నాయేమో చూడండి. విమానాన్ని ఒకరు గట్టిగా పట్టుకోగా మోటారు నడిపి కూడా చూడాలి.

ఇక మడి సంగతి. కోసిన మడి ఖాళీ మడి కాదు. తేమ ఆరకముందే మినుములో పెసలో చల్లి ఉంటారు, మొలకలు దుబ్బుల మధ్య కనిపించవు. అడిగి దిగండి. నేను అడిగినప్పుడు ఒక రైతు, ‘తొక్కితే తొక్కావులే బాబూ, ఆ కుప్ప మీద మాత్రం పడేయకు’ అన్నాడు. అతని భయం నిజం. నేలను గుద్దుకున్న లైపో వెంటనే కాక కొన్ని నిమిషాల తర్వాత అంటుకోవచ్చు. గడ్డివాములు, నూర్చని వరి కుప్పలు ఉన్న వైపు మలుపు పెట్టుకోవద్దు. పడిన విమానంలోని బ్యాటరీ తీసి, బోసి నేల మీద దూరంగా అరగంట ఉంచి, ఆ తర్వాతే సంచిలో వేయండి. పక్కన బకెట్టు ఇసుక ఉంటే ధైర్యం.

వేళ విషయానికొస్తే, మంచు విడిచాక, సముద్రపు గాలి లేవకముందు దొరికే రెండు గంటలే బంగారం. మంచులో యాభై మీటర్ల అవతల విమానం ముక్కేదో తోకేదో తెలియదు. భోగి ఉదయం పొగ కూడా తోడవుతుంది. పండుగ మూడు రోజులూ గాలిపటాల దారాలు కంటికి కనబడవు, పంకాకు మాత్రం దొరుకుతాయి. వెదురు కర్రకు రిబ్బను కట్టి గాలి ఎటుందో చూసి, గాలికి ఎదురుగానే లేపండి, ఎదురుగానే దించండి. ఎండ వీపు మీద పడేలా నిలబడండి. శ్రీకాకుళం వైపు వాళ్లకు ఇంకో మాట: టెక్కలి దగ్గరి తేలినీలాపురంలో శీతాకాలమంతా పెలికాన్లు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కట్టుకుని ఉంటాయి. ఆ చుట్టుపక్కల మోటారు చప్పుడే వద్దు.

2021 నాటి డ్రోన్ నిబంధనలు మన ఆటవిమానాలకూ వర్తిస్తాయి. కంటికి కనిపించేంత మేరలోనే ఎగరేయాలి. గ్రీన్ జోన్‌లో (ముందస్తు అనుమతి అక్కర్లేని ప్రాంతం) ఎత్తు 400 అడుగుల వరకే. నడుస్తున్న విమానాశ్రయం ప్రహరీకి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్యనైతే 200 అడుగులే. అంతకంటే దగ్గరైతే అనుమతి లేకుండా లేపకూడదు. కొత్త విమానాశ్రయం కట్టిన భోగాపురం చుట్టుపక్కల వాళ్లు నిరుడు ఎగరేశాం కదా అనుకోకుండా ప్రభుత్వ డిజిటల్ స్కై సైటులోని మ్యాప్‌ను ఏ రోజుకారోజు చూసుకోవాలి. పెద్దల పర్యటనలప్పుడు పోలీసులు 96 గంటల వరకు తాత్కాలిక రెడ్ జోన్ (అనుమతి లేకుండా ఎగరేయకూడని ప్రాంతం) ప్రకటించవచ్చు.

మోటారు బావులకు వెళ్లే కరెంటు తీగల మీద విమానం చిక్కుకుంటే వెదురు కర్రతో లాగవద్దు, పచ్చి వెదురైతే మరీనూ. లైన్‌మన్‌ను పిలవండి, రాకపోతే విమానాన్ని వదిలేయండి. తాటిచెట్టు మీద చిక్కితే ఎక్కడం వచ్చినవాళ్లను బతిమాలుకోండి.

చివరిగా, పండుగకు వచ్చిన కొత్త అల్లుడు ‘బావా, ఒక్కసారి ఇవ్వు’ అని చెయ్యి చాపుతాడు. కాదంటే ఇంట్లో గొడవ, ఇస్తే విమానం ఉండదు. రెండు ట్రాన్స్‌మిటర్లను జతచేసే శిక్షణ వైరు ఉంటే అతనికి రెండోది ఇవ్వండి, తప్పిన మరుక్షణం స్విచ్చు మీ వేలి కిందే ఉంటుంది. వైరు లేకపోతే రిబ్బను కట్టిన వెదురు కర్ర ఇచ్చి, గాలి చూసే పని అప్పగించండి. మా బావమరిదికి నిరుడు అదే ఇచ్చాను.