పాత ప్రేమ పాటలతో ఆల్బమ్: కాపీరైట్ రిజిస్ట్రేషన్‌కు దరఖాస్తు ఎలా?

నటిస్తూ పాడే కళాకారిణి ఒకరు తనకిష్టమైన పాత ప్రేమ పాటలు ఎంచుకుని, కొత్త వాద్యాలతో మళ్లీ పాడి ఆల్బమ్ తేవాలనుకున్నారనుకుందాం. ఆ రికార్డింగును ఢిల్లీలోని కాపీరైట్ ఆఫీసులో రిజిస్టర్ చేయించుకోవచ్చు. తప్పనిసరి కాదు. కానీ రేపు ఎవరైనా వాడేసుకుంటే కోర్టులో ముందుగా చూపించే సాక్ష్యం ఆ సర్టిఫికెట్టే, కాబట్టి చేయించుకోమనే నా సలహా.

అయితే రిజిస్ట్రేషన్ వర్తించేది మీరు చేసిన రికార్డింగుకే. సాహిత్యం, బాణీ వేరేవాళ్లవి, వాటికి హక్కుదారుల అనుమతి ముందే తీసుకోవాలి. చాలామంది ఈ పని వదిలేసి నేరుగా ఫారం నింపడానికి కూర్చుంటారు, తర్వాత టెన్షన్ పడతారు.

భానుమతి గారు నటించి, పాడిన 1949 నాటి 'లైలా మజ్ను'నే తీసుకోండి. సంగీతం సి.ఆర్. సుబ్బరామన్ గారిది, ఆయన 1952లో పోయారు. రచయిత గానీ, స్వరకర్త గానీ మరణించాక 60 ఏళ్ల లెక్క ప్రకారం ఆయన బాణీల మీద హక్కు 2012తో తీరిపోయింది. పాటలు రాసిన సముద్రాల సీనియర్ గారు 1968లో పోయారు కాబట్టి సాహిత్యం మీద హక్కు 2028 చివరి దాకా ఉంటుంది. అంటే బాణీకి అనుమతి అక్కర్లేదు, మాటలకు కావాలి. ఇలా ప్రతి పాటకూ విడివిడిగా చూసుకోవాల్సిందే.

హక్కుదారు ఒప్పుకుంటే రాతపూర్వకంగా ఎన్‌వోసీ (అభ్యంతరం లేదనే పత్రం) తీసుకోండి. ఇదే సులువైన దారి. హక్కులు సాధారణంగా మ్యూజిక్ కంపెనీ దగ్గరో, రచయిత వారసుల దగ్గరో ఉంటాయి. పాటల రచయితలు, స్వరకర్తల హక్కులు చూసే సంఘం ఐపీఆర్‌ఎస్‌నూ అడిగి చూడండి.

కుదరకపోతే, హక్కుదారు ఒప్పుకోకపోయినా షరతులతో పాత పాటను మళ్లీ రికార్డు చేసుకోనిచ్చే 31సి సెక్షన్ కాపీరైట్ చట్టంలో ఉంది. పాట మొదట రికార్డయిన సంవత్సరం ముగిశాక అయిదేళ్లు గడిచి ఉండాలి. రికార్డింగుకు కనీసం 15 రోజుల ముందు హక్కుదారుకూ, కాపీరైట్ రిజిస్ట్రార్‌కూ నోటీసు ఇవ్వాలి. రాయల్టీ ముందే కట్టాలి, అదీ ఒక్కో పాటకు ఏడాదికి కనీసం 50,000 కాపీల లెక్కన. ఏదైనా భాషకు ఈ కనీస సంఖ్యను తగ్గించే వీలు చట్టంలో ఉన్నా, చిన్న ఆల్బమ్‌కు ఇది మోయలేని బరువే. పైగా కవర్ మీద మొదట పాడినవారి పేరు, బొమ్మ, ఆ సినిమా పేరు ఏవీ వేయకూడదు. ఇది 31సి కింద చేసిన కవర్ వెర్షన్ (పాత పాటను మళ్లీ పాడిన రికార్డింగు) అని రాయాలి. సాంకేతికంగా తప్పనిసరి అయితే తప్ప, హక్కుదారు ఒప్పుకోని మార్పులు పాటలో చేయకూడదు. కొత్త హంగులు కోరుకునేవారు ముందుగా ఆలోచించాల్సింది ఇక్కడే.

ఇక దరఖాస్తు. కాపీరైట్ ఆఫీసు వెబ్‌సైటులో యూజర్ ఐడీ తెరిచి, ఫారం 14 నింపాలి. దానితో పాటు వివరాల పట్టిక ఉంటుంది. నిర్మాత గడిలో గాయని పేరు అలవాటుగా రాసేయకండి. రికార్డింగుకు పూనుకుని బాధ్యత తీసుకున్నవారే నిర్మాత. ఒక్క దరఖాస్తు ఒక్క కృతికే, అందువల్ల ఆల్బమ్‌లోని ప్రతి పాటకూ వేరే దరఖాస్తు, ఒక్కోదానికి రూ.2,000 ఫీజు. సౌండ్ ఫైలు, ఎన్‌వోసీలు జతచేయండి. హక్కుల్లో ప్రయోజనం ఉన్నవారికి దరఖాస్తు గురించి నోటీసు పంపడం కూడా దరఖాస్తుదారు పనే.

ఫీజు కట్టగానే డైరీ నంబరు వస్తుంది. అది పోగొట్టుకోవద్దు, స్టేటస్ చూసేది దానితోనే. అభ్యంతరాల కోసం 30 రోజులు ఆగుతారు. ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే పరిశీలనకు వెళుతుంది. లోపాలు కనిపిస్తే లేఖ పంపుతారు. దానికి గడువులోపు జవాబివ్వాలి. అన్నీ సరిగ్గా ఉంటే రిజిస్టర్‌లో నమోదు చేసి సర్టిఫికెట్ ఇస్తారు.

ఆల్బమ్ విడుదల చేసేటప్పుడు రికార్డింగు మీద, దాని కవర్ మీద నిర్మాత పేరు, చిరునామా, హక్కుదారు పేరు, చిరునామా, మొదట విడుదలైన సంవత్సరం వేయాలి. రిజిస్ట్రేషన్ చేయించినా చేయించకపోయినా ఈ నియమం పాటించాల్సిందే.