నమ్మకం నిలవనప్పుడు ఏం చేయాలి

పోయిన నెల ఒక రాత్రి పదిన్నరకు మా చెల్లెలి బిడ్డ ఫోన్ చేసింది. నల్గొండలో నర్సుగా పని చేస్తుంది. "పెద్దమ్మా, ప్రార్థన చేస్తుంటే గోడతో మాట్లాడినట్టు ఉంటున్నది. నమ్మకం ఎట్ల తెచ్చుకోవాలె?" అన్నది. అప్పటికప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను. మర్రిగూడ వైపు పల్లెలో 26 ఏళ్లు అంగన్‌వాడీ టీచర్‌గా చేశాను. ఇప్పుడు గురువారాలు ఆడవాళ్ల కూడిక నడిపిస్తున్నాను. ఈ ప్రశ్న ఆమె ఒక్కతే అడగలేదు కాబట్టి అందరికీ పనికొచ్చేలా రాస్తున్నాను.

ముందు ఆ "తెచ్చుకోవడం" అనే మాట వదిలేయండి. బైబిల్లో పౌలు రాసిన ఉత్తరం, ఎఫెసీ పత్రిక, 2వ అధ్యాయం 8వ వచనంలో విశ్వాసం ద్వారా కలిగే రక్షణ గురించి "ఇది మీవలన కలిగినది కాదు, దేవుని వరమే" అని ఉంది. మన భాషలో వరం అనగానే తపస్సు గుర్తుకొస్తుంది. ఏళ్ల తరబడి ఒంటికాలి మీద నిలబడితే దేవుడు ప్రత్యక్షమై ఏం కావాలో కోరుకొమ్మంటాడు. చిన్నప్పటి నుంచి విన్న కథలు కదా, మనకు తెలియకుండానే ఆ లెక్క మన ఉపవాసాల్లోకి, రాత్రి కూటాల్లోకి వచ్చి చేరుతుంది. ఇంత ఏడిస్తే, ఇన్ని పూటలు పస్తులుంటే విశ్వాసం వస్తుందని అనుకుంటాం. పౌలు చెప్పిన వరం తపస్సుకు ఇచ్చేది కాదు. ఫిలిప్పీ పత్రిక 1వ అధ్యాయం 29లో క్రీస్తును నమ్మడం కూడా మనకు "అనుగ్రహింపబడెను" అంటాడు. ఉపవాసం చేయొద్దని నేననను, నేనూ చేస్తాను. కానీ దాన్ని దేవుడికి కట్టే బాకీలా చేయకండి.

ఇక చేయాల్సిన పనులు. మొదట ఒంటి సంగతి చూసుకోండి. మా పిల్లను నేను అడిగిన మొదటి ప్రశ్న, "ఎన్ని నైట్ డ్యూటీలు చేసినవ్?" వరుసగా ఆరు. ఏలీయా ప్రవక్త చెట్టు కింద కూలబడి చచ్చిపోతానన్నప్పుడు దూత వచ్చి ప్రసంగం చేయలేదు. కాల్చిన రొట్టె, నీళ్లబుడ్డి తల దగ్గర పెట్టి తినమన్నాడు. ఏలీయా తిని మళ్లీ పడుకున్నాడు. రెండోసారి కూడా లేపి తినమనే అన్నాడు. నిద్ర లేనప్పుడు, షుగర్ పడిపోయినప్పుడు వచ్చే చీకటిని సందేహం అనుకుని మీతో మీరు కొట్లాడకండి. వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, చావాలన్న ఆలోచన వచ్చినా డాక్టర్ దగ్గరికి పోండి, లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్‌కు, 14416కు, ఫోన్ చేయండి. అది అవిశ్వాసం కాదు.

బైబిల్లో ఏదో అర్థం కాక వచ్చిన సందేహమైతే తెలిసినవాళ్లను అడగండి, చదవండి. అది అంత కష్టం కాదు. దెబ్బ తగిలిన చోట వచ్చే సందేహమే కష్టం. దాని గురించి చెప్పాలంటే మా అన్న సంగతి చెప్పాలి.

మాది ఫ్లోరైడ్ నేల. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. మా చిన్నప్పుడు ఈ లెక్కలు ఎవరికి తెలుసు? బోరింగు కొట్టుకున్నాం, తాగాం. పటిక, సున్నం వేసి నీళ్లలో ఫ్లోరైడ్ తీసే పద్ధతిని బయటి దేశాల్లో కూడా "నల్గొండ టెక్నిక్" అంటారు. మా బాధ అంత పేరు మోసింది. అన్నకు నలభై దాటేసరికి నడుము బిగుసుకుపోయింది, మోకాళ్లు వంగడం మానేశాయి. ఆ బొక్కలు మళ్లీ మామూలు కావు. మంచినీళ్లు తాగితే ఇంకా ముదరకుండా ఉంటుంది, అంతే.

ఒకసారి బయటి ఊరి నుంచి వచ్చిన ఒక బోధకుడి స్వస్థత కూటానికి అన్నను తీసుకుపోయాను. అందరూ మోకరించారు. అన్న గోడ పట్టుకుని నిలబడ్డాడు. బోధకుడు దగ్గరికొచ్చి మోకరించమన్నాడు. వంగవని చెప్పాను. "ఆవగింజంత విశ్వాసం ఉంటే వంగుతాయి" అన్నాడు. అన్న ప్రయత్నించాడు. చెమటలు కారుతుంటే, పళ్లు బిగబట్టి, గోడ మీద చేయి జారేదాకా ప్రయత్నించాడు.

బస్సులో ఒక్క మాట మాట్లాడలేదు. ఇంటికొచ్చాక, "చెల్లె, పోపుల డబ్బా తే" అన్నాడు. ఒక్క ఆవగింజ తీసి అరచేతిలో పెట్టుకుని లాంతరు దగ్గర చాలాసేపు చూశాడు. "గింతంత కూడ లేదా నా దగ్గర?" అన్నాడు.

ఆ రాత్రి నా దగ్గర జవాబు లేదు, ఇప్పుడు ఉంది. తప్పు నీళ్లలో ఉంది, అన్న విశ్వాసంలో లేదు. ఆవగింజ మాట యేసు చెప్పింది కొంచెమే చాలునని. కొలిచి తక్కువైందని మనిషిని నిలదీయడానికి కాదు. కాబట్టి ఎవరైనా మీ విశ్వాసాన్ని తూకం వేస్తే ఒప్పుకోకండి. మీరు కూడా వేసుకోకండి. రోజుకు పదిసార్లు "నాకు నమ్మకం ఉందా" అని లోపలికి తొంగిచూసుకోవడం, నాటిన విత్తనాన్ని మొలిచిందా అని తవ్వి చూడటం లాంటిదే.

ప్రార్థన రాకపోతే ఒక్క వాక్యం చాలు. మార్కు 9లో రోగి బిడ్డ తండ్రి అన్నాడు: "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము." ఆ వాక్యంలో నమ్మకం సగం, అపనమ్మకం సగం. పూర్తిగా నమ్మి రమ్మని యేసు ఆయన్ను వెనక్కి పంపలేదు, పిల్లవాణ్ని బాగు చేశాడు. వంట చేస్తూ, బస్సులో నిలబడి, నైట్ డ్యూటీలో సెలైన్ మారుస్తూ కూడా ఈ మాట అనొచ్చు. అది కూడా నోటికి రాకపోతే 13వ కీర్తన పైకి చదవండి, "ఎన్నాళ్లవరకు" అని దేవుణ్నే అడుగుతుంది. ఇంకా చీకటిగా ఉంటే 88వ కీర్తన చదవండి. అది చీకట్లోనే ముగుస్తుంది, చివర్లో ఓదార్పు ఉండదు. అయినా దాన్ని బైబిల్లోంచి ఎవరూ తీసేయలేదు.

తర్వాత, ఉన్నచోటే ఉండండి. యేసు తిరిగి లేచాడని మిగతావాళ్లు చెబితే శిష్యుడైన తోమా నమ్మనని తెగేసి చెప్పాడు. ఎనిమిది దినాల తర్వాత కూడా మిగతా శిష్యులతో అదే ఇంట్లో ఉన్నాడు. అతను వెళ్లిపోలేదు, వాళ్లు వెళ్లగొట్టలేదు. యేసు అక్కడికే వచ్చాడు. అన్న పోయాక నాలుగు నెలలు నా నోట పాట రాలేదు. చెప్పులు విడిచే చోటికి దగ్గరగా, చివరి చాప మీద కూర్చునేదాన్ని. పక్కన ఒక ముసలమ్మ, చదువు రాదు, కానీ పాటలన్నీ నోటికి వచ్చు. ఆమె పాడుతూ నా ఒళ్లోకి పుస్తకం జరిపేది, ఏ పేజీ అయితే ఆ పేజీ. పాడమని ఒక్కసారీ అడగలేదు. ఆ నాలుగు నెలలు నా తరఫున ఆమె పాడిందనే నేను నమ్ముతాను.

యేసును తలచుకుని రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ప్రభు బల్ల దగ్గరికి రావాలా వద్దా అని కొందరు టెన్షన్ పడతారు. పాపం వదలనని మొండికేయడం వేరు, నమ్మలేక ఏడవడం వేరు. మీ పాస్టరుగారితో విప్పి మాట్లాడండి. నా మట్టుకు నేను రమ్మనే అంటాను. యేసు శిష్యులతో చివరిసారి భోజనం చేసినప్పుడు, ఆ రాత్రే ఆయన్ను ఎరగనని చెప్పబోయే పేతురు కూడా ఆ బల్ల దగ్గర ఉన్నాడు. మా సంఘంలో రొట్టె ముక్క అరచేతిలో పెడతారు. లాక్కోవడం ఉండదు, చేయి చాపి ఉంచాలి, అంతే. అన్న వేళ్లు పూర్తిగా తెరుచుకునేవి కావు. అయ్యగారు ఒక్కో వేలూ మెల్లగా విప్పి ముక్క పెట్టి, మళ్లీ మూసేవారు.

పక్కన ఉండేవాళ్లకు కూడా ఒక మాట. సందేహపడే మనిషి ముందు మీ సాక్ష్యాలు విప్పకండి. "నాకైతే ఒక్క ప్రార్థనతో తగ్గింది" అనే మాట పుండు మీద కారం. యూదా పత్రిక అలాంటివాళ్ల మీద కనికరం చూపమంది. వాళ్లింటికి కూర తీసుకుపోండి. పిల్లల్ని ఒక పూట చూసుకోండి. వాళ్ల పేరు మీ ప్రార్థనలో పెట్టుకోండి, ఆ సంగతి వాళ్లకు రోజూ గుర్తు చేయకండి.

మొన్న సోమవారం మా పిల్ల మళ్లీ ఫోన్ చేసింది. "పెద్దమ్మా, నిన్న చర్చికి పోయిన. నమ్మకం వచ్చిందని కాదు. పోయిన, అంతే."

"మంచిది బిడ్డా," అన్నాను. "ఏం కూర వండుకున్నవ్?"