గట్టు మీదికి వెళ్లొస్తా

గొడవ ముదిరితే చెప్పులేసుకుని కాలువ గట్టు మీదికి పోవడం నాకు పెళ్లయిన కొత్త నుంచీ అలవాటు. మాది అంబాజీపేట దగ్గర, కొబ్బరి వ్యాపారం. పోతే గొడవ చల్లారుతుందని నా లెక్క. "మొహం మీద తలుపేసి పోయినట్టుండేదండీ" అని మా ఆవిడ చాలా ఏళ్లకి గానీ చెప్పలేదు.

ఇప్పటికీ వెళ్తాను. పద్ధతి మారింది.

ముందు ఒంటిని గమనించుకోండి. నాకైతే చెవులు వేడెక్కుతాయి. నాడి పట్టుకుని 15 సెకన్లు లెక్కపెట్టి, నాలుగుతో హెచ్చవేయండి. అమెరికాలో జాన్ గాట్‌మన్, రాబర్ట్ లెవెన్సన్ అనే సైకాలజిస్టులు భార్యాభర్తల ఒంటికి పరికరాలు తగిలించి, వాళ్లు వాదించుకుంటుంటే గుండె వేగం కొలిచారు. నిమిషానికి 100 దాటాక అవతలి మాట సరిగ్గా బుర్రకెక్కదని, నెమ్మదించడానికి కనీసం 20 నిమిషాలు పడుతుందని గాట్‌మన్ అంటాడు.

వెళ్లేముందు తిరిగొచ్చే టైము చెప్పండి. "కోపం తలకెక్కింది, గట్టు దాకా వెళ్లి ఏడున్నరకి వస్తా." అంతే. "నీ నోరు ఆగాక వస్తా" అని కూడా ఓసారి అని చూశాను, రెండ్రోజులు అన్నం వడ్డించింది గానీ మాట్లాడలేదు.

అసలు కష్టం గట్టు మీదే. "ఈసారి ఇలా అంటే నేనిలా అంటా" అని నెమరేస్తూ నడిస్తే ఇంకా వేడెక్కి ఇంటికొస్తాం. నేను దింపు కూలి, అంటే చెట్టెక్కి కొబ్బరికాయలు దింపే కూలి, లెక్కలు వేసుకుంటా: ఎన్ని చెట్లు, చెట్టుకెంత, ఎవరికి బాకీ.

వచ్చాక "నువ్వెప్పుడూ" అని మొదలెట్టకూడదు. ఓ దింపు రోజు, మా ఆవిడని రాజోలులో వాళ్లమ్మగారింటికి తీసుకెళ్తానని చెప్పి, కాయల లారీ ఆలస్యమై రాత్రి తొమ్మిదికి వచ్చాను. "నా మాటంటే మీకు లెక్కే లేదు" అంది. నేను ఆలస్యమైతే లారీ తప్పు, తను ఆలస్యమైతే తన బుద్ధి. నా బుర్ర అలాగే పనిచేసేది, చాలామందికీ అంతే. గట్టు మీంచి వచ్చాక, "ఏం జరిగిందో మొదట్నుంచి చెప్పు" అన్నాను. "ఆరింటి నుంచీ చీర కట్టుకుని కూర్చున్నా. అమ్మ మూడుసార్లు ఫోన్ చేసింది." దానికి నా దగ్గర లారీ కబుర్లేం లేవు. తప్పయిందన్నాను.

చెయ్యి చేసుకునే మనిషి ఉన్న ఇంటికి ఇది పనికిరాదు. అక్కడ 181కి, మహిళా హెల్ప్‌లైన్‌కి, ఫోన్ చేయాలి.

వానాకాలం గట్టంతా బురద. అప్పుడు కొబ్బరి కొట్టులో కూర్చుంటా. తలుపు మాత్రం తీసే ఉంచాలని ఆవిడ షరతు.