థైరాయిడ్ మాత్రను పరగడుపున వేసుకునే పద్ధతి

మన ఇళ్లలో ‘థైరాయిడ్ మాత్ర’ అనే ఒక్క పేరుతో రెండు వేర్వేరు మందులను పిలుస్తుంటారు కాబట్టి, ముందుగా మీ సీసా మీద ఏ మందు పేరు ఉందో చూసుకోండి. లెవోథైరాక్సిన్ అని ఉంటే అది థైరాయిడ్ గ్రంథి తక్కువగా పనిచేసేవారికి, అంటే హైపోథైరాయిడిజం ఉన్నవారికి ఇచ్చేది. కార్బిమజోల్ అని ఉంటే అది గ్రంథి అతిగా పనిచేసేవారికి ఇచ్చేది. ఆ మందు వాడుతున్నప్పుడు జ్వరం, గొంతునొప్పి, నోటిపూత వస్తే తెల్ల రక్తకణాలు ప్రమాదకరంగా పడిపోయి ఉండవచ్చు కనుక, మందు ఆపి అదే రోజు డాక్టరును కలిసి రక్త పరీక్ష చేయించుకోవాలి. ఇక్కడి నుంచి చెప్పేదంతా మొదటి మందు గురించే.

లెవోథైరాక్సిన్ మోతాదు 25, 50, 75, 100 ఇలా మైక్రోగ్రాముల్లో ఉంటుంది. మైక్రోగ్రాము అంటే మిల్లీగ్రాములో వెయ్యో వంతు. అంత కొద్ది మందులో కొంత భాగం పేగుల నుంచి రక్తంలోకి చేరకపోయినా పరీక్షలో తేడా తెలిసిపోతుంది.

మా అమ్మ తెల్లవారుజామున లేచి, ఫిల్టర్‌లో డికాషన్ దిగుతుండగా మాత్ర వేసుకుని, ఆ వెంటనే పొగలు కక్కే కాఫీ తాగేది. ఒక్క రోజు కూడా మానకపోయినా, రక్త పరీక్షలో టీఎస్‌హెచ్ (ఒంటికి థైరాయిడ్ హార్మోన్ చాలనప్పుడు పెరిగే అంకె) దిగిరాలేదు. మోతాదు 50 నుంచి 75కు పెంచారు. చివరికి ఒక డాక్టరమ్మ, “మాత్ర వేసుకున్నాక కాఫీ ఎంతసేపటికి తాగుతారమ్మా?” అని అడిగారు. ఆ ప్రశ్న మొదటి రోజే ఎవరైనా అడిగి ఉంటే బాగుండేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

లేచాక నోరు కడుక్కుని, గ్లాసెడు మంచినీళ్లతో మాత్ర మింగండి. ఆ తరువాత కనీసం అరగంట, వీలైతే గంటసేపు కాఫీ, టీ, పాలు, టిఫిన్ ఏవీ తీసుకోవద్దు. కాల్షియం, ఐరన్ మాత్రలు ఈ మందును పట్టి ఉంచి ఒంటికి అందనివ్వవు కాబట్టి వాటికి నాలుగు గంటల ఎడం ఇచ్చి, మధ్యాహ్నం భోజనం తరువాతకో రాత్రికో మార్చుకోవడం మేలు. గ్యాస్‌కు వాడే మందులు, ముఖ్యంగా పాంటాప్రజోల్ వంటివి రోజూ వేసుకుంటుంటే ఆ మాట డాక్టరుకు తప్పక చెప్పండి. పొద్దున్నే కుదరనివారు డాక్టరును అడిగి, రాత్రి భోజనమైన మూడు గంటల తరువాత వేసుకోవచ్చు. అయితే ఏ వేళ ఎంచుకున్నా రోజూ అదే వేళకు వేసుకోవాలి.

ఒక పూట మరిచిపోయినందుకు కంగారు పడనక్కరలేదు. ఈ మాత్రలోని థైరాయిడ్ హార్మోన్ రక్తంలో సగానికి తగ్గడానికి సుమారు వారం రోజులు పడుతుంది. అదే రోజు గుర్తొస్తే కడుపు ఖాళీగా ఉన్నప్పుడు వేసుకోండి. మర్నాడు గుర్తొస్తే, డాక్టరు చెబితే తప్ప, రెండూ కలిపి వేసుకోవద్దు. సీసాను పొయ్యి పక్కన అరలో పెట్టకండి, వేడికీ తేమకూ మందు చెడిపోతుంది.

మందు మొదలుపెట్టాక గానీ మోతాదు మార్చాక గానీ ఆరు నుంచి ఎనిమిది వారాలకు టీఎస్‌హెచ్ పరీక్ష చేయించుకోవాలి. అంతకంటే ముందు చేయిస్తే వచ్చే అంకె నిలకడైనది కాదు. పరీక్ష రోజు రక్తం ఇచ్చాకే మాత్ర వేసుకోవడం మంచిది. జుట్టు రాలకుండా వాడే బయోటిన్ మాత్రలు ఫలితాన్ని తారుమారు చేయగలవు కనుక వాటిని కనీసం రెండు రోజుల ముందే ఆపాలి.

రిపోర్టులో నార్మల్ అని రాగానే మందు మానేసేవారిని నేను చాలామందిని చూశాను. ఆ అంకె నార్మల్‌కు వచ్చింది మాత్ర వల్లనే. చాలామందికి గ్రంథి అలాగే బలహీనంగా ఉంటుంది కాబట్టి, మందు ఆపిన కొన్ని వారాలకు నీరసం, మలబద్ధకం, చలికి తట్టుకోలేకపోవడం మళ్లీ మొదలవుతాయి. అలాగని బరువు తగ్గుతామన్న ఆశతో సొంతంగా మోతాదు పెంచుకోవడం ఇంకా ప్రమాదం: గుండె దడ, చేతుల వణుకు వస్తాయి, పెద్ద వయసువారిలో గుండె లయ తప్పుతుంది, ఎముకలు గుల్లబారుతాయి.

ఈ మాత్ర వాడుతున్న స్త్రీ గర్భం దాల్చిందని తెలిసిన వెంటనే, తొలి స్కానింగ్ దాకా ఆగకుండా డాక్టరును సంప్రదించాలి. తొలి నెలల్లో బిడ్డ మెదడు ఎదుగుదల తల్లి హార్మోన్ మీదే ఆధారపడుతుంది, తల్లికి కావలసిన మోతాదు సాధారణంగా 25 నుంచి 50 శాతం దాకా పెరుగుతుంది. కాన్పు అయ్యాక మోతాదును మళ్లీ సరిచూపించుకోవాలి. బిడ్డకు పాలిస్తున్నా ఈ మాత్రను నిశ్చింతగా కొనసాగించవచ్చు.