ఇంపాక్ట్ ప్లే నేర్చుకుందాం – 3వ పాఠం: మొదట ఏది కొనాలి?

గత రెండు పాఠాలు చదవకుండా నేరుగా ఇక్కడికి వచ్చినవాళ్లకు ముందు రెండు ముక్కలు. ఇంపాక్ట్ ప్లే అంటే ఇద్దరూ ఒప్పుకుని, శృంగారంలో భాగంగా ఒకరినొకరు కొట్టే ఆట. ఇద్దరికీ పద్దెనిమిదేళ్లు నిండాలి, ఇద్దరికీ ఇష్టం ఉండాలి. దెబ్బ తినేవారు ‘ఎల్లో’ అని అంటే తగ్గించాలి, ‘రెడ్’ అని అంటే అక్కడికక్కడే ఆపేయాలి. దెబ్బ పడాల్సింది పిరుదుల కింది సగం మీద, తొడల వెనక పైభాగం మీద. కిడ్నీలుండే నడుము, వెన్నెముక, తోక ఎముక, మోకాలి వెనక గుంట, వీటి జోలికి పోకూడదు.

ఇక సాధనం సంగతి. కొత్తవాళ్లలో చాలామంది చూపు ముందుగా ఫ్లాగర్ మీద పడుతుంది. పిడికి తోలు పట్టీలు గుత్తిగా వేలాడుతుంటే చూడ్డానికి బావుంటుంది మరి. మా మాట వింటే అది రెండోసారి కొనండి. మొదటిది పొట్టిగా, వెడల్పుగా, చదునుగా ఉండే తోలు పాడిల్, అంటే పిడి ఉన్న పలక లాంటిది, కావాలి.

కారణం దెబ్బ పనిచేసే తీరులో ఉంది. సాధనం బరువుగా, వెడల్పుగా, కాస్త మెత్తగా ఉంటే దెబ్బ దబ్బుమని కండలోకి దిగుతుంది. దీన్ని థడ్ అంటారు. తేలిగ్గా, సన్నగా, బిరుసుగా ఉంటే చర్మం మీదే చుర్రుమంటుంది. అది స్టింగ్. ఒకే బలంతో కొట్టినా, ఏడు సెంటీమీటర్ల వెడల్పు పాడిల్‌తో అది పరచుకుంటుంది, ఎనిమిది మిల్లీమీటర్ల బెత్తంతో ఒక్క గీతలోకి చేరి వాత తేలుతుంది. పొడవు పెరిగితే కొస వేగం కూడా పెరుగుతుంది. వేగం రెట్టింపైతే దెబ్బలోని శక్తి నాలుగింతలు. పొడవాటి సాధనంతో చెయ్యి కొంచెం ఎక్కువ ఊగినా ఎదుటివారికి ‘కొంచెం’గా అనిపించదు.

ఫ్లాగర్‌తో అసలు చిక్కు చుట్టుకోవడం. మీరు గురిపెట్టింది పిరుదు మధ్యకే. కానీ పట్టీలు అక్కడ ఆగవు, ఒంపు తిరిగి అవతలి తుంటి ఎముక మీద పడతాయి. పట్టీ కొసల్లోనే వేగం ఎక్కువ, పడేది కండ లేనిచోట. పైగా అది మీకు కనిపించని పక్క. దగ్గరగా నిలబడటం వల్లే ఇలా అవుతుంది. ఒక అడుగు వెనక్కి జరిగి, పట్టీల కొసలు మాత్రమే తగిలేలా చూసుకుంటే సరిపోతుంది, కానీ ఆ దూరం కంటికి అలవాటు కావడానికి వారాలు పడుతుంది. పొట్టి పాడిల్‌తో ఈ బెడద లేదు, చూసినచోటే తగులుతుంది.

కొలతలు ఇవి: పిడితో కలిపి 30 నుంచి 35 సెంటీమీటర్లు, తగిలే భాగం 6 నుంచి 8 సెంటీమీటర్ల వెడల్పు, రెండు పొరల తోలు కలిపి కుడితే 5, 6 మిల్లీమీటర్ల మందం. మూలలు గుండ్రంగా ఉండాలి. రివెట్లు, స్టడ్లు ఉన్నవి ఎంత ముచ్చటగా ఉన్నా పక్కన పెట్టండి. చేతికొచ్చాక దూది ఉండ తీసుకుని అంచు చుట్టూ నెమ్మదిగా రాయండి. పోగు ఎక్కడైనా తట్టుకుందంటే అక్కడ గరుకు ఉన్నట్టే, అది చర్మాన్ని గీరుతుంది. తర్వాత మీ తొడ మీదే కొట్టుకుని చూడండి. మెల్లగా, ఓ మాదిరిగా, గట్టిగా అని మూడు రకాల దెబ్బలకు తేడా మీకే తెలియకపోతే అది మొదటి సాధనంగా పనికిరాదు.

తోలు వద్దనుకునేవాళ్లకు సిలికాన్ ఉంది, సబ్బుతో శుభ్రంగా కడుక్కోవచ్చు, అయితే స్టింగ్ ఎక్కువ. తోలు తేమ పీల్చుకుంటుంది, లోపలిదాకా శుభ్రపడదు. రక్తం అంటితే ఆ పాడిల్ ఇక ఆ ఒక్కరికే. కోస్తాలో వానాకాలం దాన్ని పాలిథిన్ సంచిలో కట్టిపెడితే బూజు ఖాయం. గుడ్డ సంచిలో, గాలి తగిలేచోట ఉంచండి.

ఇంట్లో దొరికేవాటి గురించి. ప్లాస్టిక్ స్కేలు విరిగితే అంచు కోస్తుంది. వెదురు బద్ద చీలి పేళ్లు దిగుతాయి. బెత్తమంటూ వాడితే లోపల గుల్ల లేని పేము బెత్తమే వాడాలి, అదీ చెయ్యి కుదిరాకే. చపాతీ కర్ర వద్దేవద్దు, గుండ్రటి బరువు కండను నలిపేస్తుంది. బెల్టు ఫ్లాగర్‌లాగే చుట్టుకుంటుంది. హవాయి చెప్పు మెత్తగానే ఉంటుంది, కానీ చెప్పుతో కొట్టడమంటే మన దగ్గర దెబ్బ కాదు, అవమానం. కొందరికి అదే కావాలి, కొందరు ఆ ఒక్కదానికే లేచి వెళ్లిపోతారు. బెత్తం కూడా అంతే, బడిలో తిన్న దెబ్బలు గుర్తొస్తే ఆట చెడుతుంది. ముందే అడగండి.

ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ లాంటి, రక్తం గడ్డకట్టనివ్వని మందులు వాడుతున్నవారికి చిన్న దెబ్బకే కమిలిపోతుంది. షుగర్ వల్ల స్పర్శ తగ్గినచోట నొప్పి హెచ్చరించదు. ఇవి కొనడానికి ముందు మాట్లాడుకోవాల్సినవి. ఇంకో సంగతి: చర్మం ఎర్రబడేదాకా చూడమని చాలా పుస్తకాల్లో రాస్తారు. చామనఛాయ, నలుపు చర్మం మీద ఆ ఎరుపు కనిపించకపోవచ్చు. నాలుగైదు దెబ్బలకోసారి అరచేతి వెనక భాగం ఆనించి వేడి చూడండి, వేళ్లతో నొక్కి గట్టిపడిందా, ఉబ్బిందా చూడండి. గట్టిపడినచోట ఆ రోజుకు మళ్లీ కొట్టకండి.

ఈ వారం అభ్యాసం: ముదురు రంగు గలీబు తొడిగిన దిండు తీసుకుని సుద్దతో పాడిల్ ముఖం పట్టేంత వలయం గీయండి. పాడిల్ ముఖానికి టాల్కం పౌడర్ పూయండి. ముగ్గుపిండి వద్దు, తోలును గీస్తుంది. భుజం కదపకుండా మణికట్టు, మోచేతితోనే ఇరవై సార్లు మెల్లగా కొట్టండి, రెండుమూడు దెబ్బలకోసారి దులిపి మళ్లీ పూయండి. అచ్చు నిండుగా పడితే పాడిల్ చదునుగా తగిలినట్టు. ఒక పక్కే తెల్లగా ఉంటే మణికట్టు తిరుగుతోంది, అంటే నిజంగా కొట్టినప్పుడు అంచు ముందు దిగుతుంది. అచ్చు కొసభాగమే పడుతుంటే మీరు దూరంగా ఉన్నారు, పిడి వైపు పడుతుంటే మరీ దగ్గరగా ఉన్నారు. ఇరవైలో పద్దెనిమిది వలయంలో నిండుగా పడేదాకా దిండుతోనే సాగించండి. చర్మాన్ని వేడెక్కించే వరస, దెబ్బకూ దెబ్బకూ మధ్య వ్యవధి వచ్చే పాఠంలో.