ఎయిర్ పిస్టల్‌కు ఇంట్లో కట్టుకున్న లేజర్: చుక్క మాట వినకపోతే

పది మీటర్ల ఎయిర్ పిస్టల్‌తో ఇంట్లో డ్రై ప్రాక్టీసు, అంటే పెల్లెట్ పెట్టకుండా ట్రిగ్గర్ సాధన చేసేవాళ్లు బారెల్ కింద బిగించుకునే, గురి ఎక్కడుందో చుక్కతో చూపే చిన్న లేజర్ గురించి ఇది. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలాంటి చోట దొరికే 650 నానోమీటర్ల (వెలుగు తరంగదైర్ఘ్యం) ఎర్ర లేజర్ మాడ్యూల్ ఒకటి, అది కాస్త వదులుగా పట్టే అల్యూమినియం గొట్టం, గొట్టానికి ముందు మూడు, వెనక మూడు ఎం3 (3 మి.మీ. మందం) స్క్రూలు, రెండు ట్రిపుల్ ఏ సెల్స్, ఒక స్విచ్, ఒక క్లాంపు. సరంజామా అంతే. పోటీకి వెళ్లేముందు దీన్ని విప్పేయాల్సిందే, అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య (ఐఎస్ఎస్ఎఫ్) నిబంధనల్లో ఎయిర్ పిస్టల్‌కు ఓపెన్ సైట్లు (కంటితో గురి చూసే ముందు, వెనక గుర్తులు) తప్ప లేజర్లు, లెన్సులు ఉండకూడదు. నిజం తుపాకీకి ఈ కట్టుబడి వద్దే వద్దు, ఆ కుదుపుకు ఈ స్క్రూలు నిలవవు.

ఏది సర్దాలన్నా ముందు బారెల్‌లో పెల్లెట్ లేదని కళ్లారా చూసుకోండి. ఎదుటి గోడ మీద అద్దం, ఫొటో ఫ్రేము ఉంటే తీసేయండి, లేజర్ వాటికి తగిలి తిరిగి కంట్లో పడొచ్చు. మాడ్యూల్ మీద 5 మిల్లీవాట్లు అని రాసి ఉన్నా, చవకరకం వాటిలో ఆ అంకెను నమ్మలేం. వెలుగు వస్తోందా లేదా అని గొట్టంలోకి తొంగి చూసేవాళ్లు ఇంటికొకరు ఉంటారు. వాళ్ల చేతికి ఇవ్వకండి.

నిన్న సరిగ్గానే ఉంది, ఈరోజు చుక్క పక్కకు పోయింది

ఎక్కువమంది పడే ఇబ్బంది ఇదే. అందరూ లేజర్‌నే తిడతారు కానీ తప్పు దాదాపు ఎప్పుడూ బిగింపుది. పట్టుకోవడం సులువే. బల్ల మీద బియ్యం సంచి పెట్టి, పిస్టల్‌ను అందులో కదలకుండా కూర్చోబెట్టండి. ఎదుటి గోడకు కాగితం అంటించి, చుక్క పడినచోట పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. ఇప్పుడు దేన్నీ తిప్పకుండా గొట్టాన్ని వేలితో మెల్లగా అటూ ఇటూ నొక్కి వదలండి. చుక్క మళ్లీ గుర్తు మీదికే వస్తే బిగింపు బాగున్నట్టు. రాకపోతే ఎక్కడో ఆట, అంటే వదులు, ఉంది.

ఆ ఆటకు కారణాలు నాలుగు రకాలుగా కనిపిస్తాయి. మొదటిది గ్లూ గన్. మాడ్యూల్‌ను వేడి జిగురుతో అతికిస్తే చలికాలంలో బాగానే ఉంటుంది, మే నెలలో మెత్తబడి చుక్క రోజూ కొంచెం కొంచెం జారుతుంది. తీసేసి రెండు ట్యూబుల ఎపాక్సీ వాడండి, లేదా స్క్రూల మీదే ఆధారపడండి. రెండోది త్రీడీ ప్రింట్ చేయించిన పీఎల్ఏ ప్లాస్టిక్ క్లాంపు. 60 డిగ్రీల దగ్గర అది మెత్తబడుతుంది, ఎండలో ఆపిన కారులో వదిలేస్తే సాయంత్రానికి వంకర తిరిగి ఉంటుంది. మూడోది బ్యాటరీ డబ్బా. దాన్ని గొట్టానికే వేలాడదీస్తే ఆ బరువు గొట్టాన్ని లాగుతూనే ఉంటుంది, విడిగా పిస్టల్ ఫ్రేముకు కట్టాలి.

నాలుగోది చాలామందికి తట్టదు. ఒక్క తోపుతో గాలి నింపే రకం పిస్టళ్లలో కాకింగ్ (పేల్చడానికి సిద్ధం చేయడం) కోసం పైభాగమో, కిందున్న లివరో తెరుచుకుంటుంది. క్లాంపు ఆ కదిలే భాగం మీద ఉంటే, మూసిన ప్రతిసారీ అది వెంట్రుకవాసి తేడాతో కూర్చుంటుంది. ఆ వెంట్రుకవాసి పది మీటర్ల దూరంలో పెద్ద తేడా. చుక్కకు గుర్తు పెట్టి, ఒకసారి తెరిచి మూసి మళ్లీ చూడండి. గుర్తు తప్పితే స్క్రూలతో కుస్తీ పట్టి లాభం లేదు, క్లాంపును కదలని భాగానికి మార్చాల్సిందే.

స్క్రూ కొంచెం తిప్పితే చుక్క టార్గెట్ కార్డు దాటిపోతోంది

ఇది లోపం కాదు, లెక్క. ఎం3 స్క్రూ ఒక చుట్టు తిరిగితే అర మిల్లీమీటరు కదులుతుంది. ముందు వరసకూ వెనక వరసకూ మధ్య 50 మి.మీ. ఉంటే, ఆ అర మిల్లీమీటరు పది మీటర్ల దగ్గర 100 మి.మీ. అవుతుంది. టార్గెట్‌లో నల్ల వృత్తం వ్యాసమే 59.5 మి.మీ. పావు చుట్టు తిప్పినా చుక్క 25 మి.మీ. గెంతుతుంది, పది పాయింట్ల వలయమేమో 11.5 మి.మీ. మాత్రమే.

కాబట్టి గొట్టం వీలైనంత పొడుగ్గా తీసుకోండి, వరసల మధ్య 80 మి.మీ. ఉంటే పని నెమ్మదిస్తుంది. ముందు వరసలో స్క్రూల బదులు రబ్బరు ఓ-రింగ్ పెట్టి మాడ్యూల్‌ను బిర్రుగా కూర్చోబెడితే ఇంకా మేలు, వెనక స్క్రూలు మాత్రమే తిప్పితే చాలు. వెనక భాగాన్ని పైకి నెడితే చుక్క కిందికి పోతుందని గుర్తుంచుకోండి. ఒక స్క్రూ బిగించేముందు దానికి ఎదురుగా ఉన్నవి వదులు చేయాలి, లేకపోతే మాడ్యూల్ ఇత్తడి ఒళ్లు సొట్టపోతుంది. చుక్క కుదిరాక స్క్రూ తల మీద గోళ్ల రంగు ఒక బొట్టు వేస్తే సరి.

స్క్రూలన్నీ చివరిదాకా తిప్పినా చుక్క మధ్యకు రాకపోతే మాడ్యూల్‌లోనే వంకర. రెండు పుస్తకాల మధ్య సందులో దాన్ని పెట్టి దొర్లిస్తే చుక్క గోడ మీద సున్నా చుడుతుంది. చవక మాడ్యూళ్లలో కొంచెమైనా సున్నా చుట్టనిది అరుదు. సున్నా మరీ పెద్దదైతే ఇంకోటి కొనుక్కోవడమే నయం.

పది మీటర్లకు కుదిరింది, హాల్లో కుదరడం లేదు

లేజర్ సైట్ల గీతకు కిందుగా ఉంటుంది. ఆ ఎడం 40 మి.మీ. అనుకుందాం. పది మీటర్ల దగ్గర రెండూ కలిసేలా సర్దితే, ఐదు మీటర్ల దగ్గర చుక్క 20 మి.మీ. కిందే పడుతుంది. దాన్ని ఏ స్క్రూ మార్చలేదు. ఫ్లాట్లలో పది మీటర్ల నిడివి ఎలాగూ దొరకదు కాబట్టి ఐదు మీటర్లకే సర్దుకుని, కార్డును సగం కొలతకు ప్రింటు తీసుకోండి. నల్ల వృత్తం దాదాపు 30 మి.మీ. వస్తుంది. సర్దేటప్పుడు సైట్లతో కలపండి, పెల్లెట్ తగిలినచోటుతో కాదు. మీరు సాధన చేసేది సైట్లతోనే.

చుక్క గుండ్రంగా లేదు, లేదా మసగ్గా ఉంది

మాడ్యూల్‌లో వెలుగిచ్చే డయోడ్ నుంచి వెలుగు సహజంగానే కోలగా వస్తుంది. ముందున్న లెన్సు మర తిప్పి, మీరు నిలబడే దూరంలో చుక్క చిన్నదయ్యేదాకా సర్దండి. పగటి వెలుగులో కనబడకపోతే పవర్ పెంచకండి. అంతే పవర్‌లో 635 నానోమీటర్ల ఎరుపు మన కంటికి 650 కన్నా సుమారు రెట్టింపు కాంతిగా కనిపిస్తుంది, అది కొనండి. ఆకుపచ్చ ఇంకా బాగా కనిపిస్తుంది గానీ, చవకరకం 532 నానోమీటర్ల వాటిలో ఫిల్టర్ లేకపోతే కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ కూడా బయటికొస్తుంది. ఇంట్లో పిల్లలు తిరిగేచోట నాకది ఇష్టం లేదు.

వెలిగి ఆరుతోంది, సెల్స్ ఊరికే అయిపోతున్నాయి

బిళ్ల సెల్ వాడుతుంటే ముందు అది మార్చండి. సీఆర్2032 గడియారాలకు, రిమోట్లకు బాగుంటుంది. ఇరవై ముప్ఫై మిల్లీ ఆంపియర్లు అడిగితే దాని వోల్టేజీ పడిపోతుంది. ట్రిపుల్ ఏ సెల్స్ మార్చినా మినుకుమంటే, మాడ్యూల్ వెనక పచ్చ బోర్డుకు వైరు అతికినచోట చూడండి. వైరు ఊగి ఊగి అక్కడే తెగుతుంది. కొత్తగా టంకం వేసి, వైరును గొట్టానికి దారంతో కట్టేయండి.

స్విచ్ ఆపినా సెల్స్ అయిపోతుంటే కారణం వేరు. చాలా మాడ్యూళ్లలో ఇత్తడి ఒళ్లే ప్లస్. అది గొట్టానికీ, గొట్టం పిస్టల్‌కూ తగులుతుంది. మైనస్ వైరు ఎక్కడైనా ఒరుసుకుని లోహానికి తాకితే షార్టే. మాడ్యూల్‌కు వేడికి ముడుచుకునే ష్రింక్ ట్యూబ్ తొడగండి.

ఎర్రగా వెలుగుతోంది, చుక్క మాత్రం లేదు

డయోడ్ పోయింది. ఎక్కువ కరెంటు పడ్డాక అది లేజర్‌గా పనిచేయడం మాని మామూలు ఎల్ఈడీలా మిణుకుమంటుంది. బాగుచేయడం కుదరదు. మూడు వోల్ట్ల మాడ్యూల్‌కు నేరుగా ఛార్జి చేసే రకం లిథియం సెల్ కలిపితే జరిగేది ఇదే.

అన్నీ బిగించాను, అయినా చుక్క ఆడుతోంది

పిస్టల్‌ను మళ్లీ బియ్యం సంచి మీద పెట్టండి. అక్కడ నిలబడితే లేజర్‌లో ఏ లోపమూ లేదు, ఆడేది చెయ్యి. ఎంత మంచి షూటర్‌కైనా చుక్క కొంత తిరుగుతూనే ఉంటుంది. దాన్ని ఆపాలని చుక్క వంకే చూస్తూ ట్రిగ్గర్ నొక్కడం అలవాటైతే, కన్ను ముందు సైటును వదిలేసి కార్డు మీదికి పోతుంది. రేంజ్‌లో ఆ అలవాటు స్కోరును తినేస్తుంది.

అందుకే చుక్కను షూటర్ చూడకూడదు, పక్కవాళ్లు చూడాలి. ఎవరూ లేకపోతే ఫోన్‌ను స్టాండు మీద పెట్టి కార్డును స్లో మోషన్‌లో తీయండి, మీరు సైట్ల మీదే దృష్టి పెట్టండి. తర్వాత వీడియోలో ట్రిగ్గర్ శబ్దానికి ముందు సగం సెకను మాత్రం చూస్తే చాలు. కుడిచేతివాటం వాళ్లకు ఆ సమయంలో చుక్క ఎడమవైపు కిందికి జారితే, సాధారణంగా ట్రిగ్గర్‌ను మెల్లగా లాగకుండా ఒక్కసారిగా గుంజుతున్నట్టు. శబ్దం తర్వాతే జారితే, చేతిని త్వరగా దించేస్తున్నట్టు.