తుపానుకు ముందే బ్యాకప్: డిస్కును అనుమానించే ముందు పక్క కేబుళ్లు తీసి చూడండి

2013లో ఫైలిన్ తుపాను అక్టోబర్ 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. 2018లో తిత్లీ అక్టోబర్ 11న, దేవీ నవరాత్రులు మొదలైన మర్నాడే, పలాస వైపు నుంచి వచ్చి ఒడిశాలోని మన గజపతి జిల్లా మీద పడింది. అందుకే పర్లాకిమిడిలో ఫొటో స్టూడియో నడుపుతున్న నేను, శ్రావణంలో తీసిన పెళ్లి ఫొటోల బ్యాకప్‌ను దసరా దాకా ఆపను. కరెంటు పోయాక చేయగలిగింది ఏమీ ఉండదు.

బ్యాకప్ ఆగిపోతే చాలామంది డిస్కు పాడైందనుకుని కొత్తది కొనేస్తారు. తొందరపడకండి. విండోస్ ప్రతి డిస్కుకూ, పెన్‌డ్రైవ్‌కూ ఒక ఇంగ్లిషు అక్షరం పేరుగా ఇస్తుంది. నా కంప్యూటర్‌లో రాత్రి బ్యాకప్ ‘జి’ డ్రైవ్‌లోకి వెళ్లాలి. ఒకరోజు ఎవరిదో 16 జీబీ పెన్‌డ్రైవ్ తీయడం మరిచిపోయాను. అది ‘జి’ అక్షరాన్ని తీసుకుంది, తర్వాత పెట్టిన బ్యాకప్ డిస్కుకు ‘హెచ్’ వచ్చింది. మూడు రాత్రులు బ్యాకప్ ఆ చిన్న పెన్‌డ్రైవ్‌లోకి వెళ్లబోయి చోటు చాలక ఆగిపోయింది. డిస్కు మాత్రం నిక్షేపంగా ఉంది.

కాబట్టి ముందు కీబోర్డు, మౌస్ తప్ప అన్నీ తీసేయండి. ప్రింటర్, ఫోను, కార్డ్ రీడర్ కూడా. కార్డు లేని ఖాళీ రీడర్ సైతం ఒక్కో గాడికి ఒక్కో అక్షరం పట్టుకుని కూర్చుంటుంది. కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేసి, డిస్కును హబ్‌లో (ఒక పోర్టును నాలుగైదుగా చేసే పెట్టెలో) కాకుండా నేరుగా వెనక పోర్టులో పెట్టండి. యూఎస్‌బీ 2 పోర్టు ఇచ్చేది 500 మిల్లీ ఆంపియర్లు, యూఎస్‌బీ 3 అయితే 900. సొంత కరెంటు లేని హబ్‌లో అన్నీ దాన్నే పంచుకోవాలి. చాలకపోతే డిస్కు టిక్కు టిక్కుమని సగంలో మాయమవుతుంది. ఇప్పుడు బ్యాకప్ పూర్తయిందా? అయితే తీసినవాటిని ఒక్కొక్కటిగా పెడుతూ ప్రతిసారీ నడిపి చూడండి. అడ్డుపడుతున్నది ఏదో తేలిపోతుంది.

విండోస్‌లో డిస్కుల అక్షరాలు మార్చే ‘డిస్క్ మేనేజ్‌మెంట్’లోకి వెళ్లి బ్యాకప్ డిస్కుకు ‘ఎక్స్’ లాంటి చివరి అక్షరం ఇచ్చి, బ్యాకప్ ప్రోగ్రాంలోనూ అదే మార్చండి. విండోస్ కొత్త పరికరాలకు ముందు అక్షరాల నుంచి ఇస్తుంది కనుక తగాదా దాదాపు ఉండదు. యూపీఎస్‌ను డేటా కేబుల్‌తో కంప్యూటర్‌కు కలిపి ఉంటే, బ్యాటరీ మీద నడుస్తున్నప్పుడు విండోస్ షెడ్యూల్ చేసిన పని మొదలుకాకపోవచ్చు. తుపాను హెచ్చరిక వచ్చిన రోజున బ్యాకప్‌ను చేత్తోనే నడపండి.

క్లోన్ చేసిన (అచ్చంగా నకలు తీసిన) డిస్కును, అసలు డిస్కును ఒకేసారి పెట్టకండి. రెండింటి సంతకం, అంటే విండోస్ డిస్కును గుర్తుపట్టే సంఖ్య, ఒకటే కావడంతో విండోస్ ఒకదాన్ని ఆఫ్‌లైన్ చేస్తుంది, అంటే కనబడకుండా పక్కన పెడుతుంది. అప్పుడు కంగారుపడి ‘ఇనీషియలైజ్’ గానీ ‘ఫార్మాట్’ గానీ నొక్కారో, ఒక ఇంటి పెళ్లి మొత్తం పోయినట్టే. దయచేసి వాటి జోలికి వెళ్లకండి. ఒక డిస్కు తీసేస్తే చాలు.

బ్యాకప్ అయ్యాక డిస్కును మరో కంప్యూటర్‌లో పెట్టి, నాలుగు ఫొటోలు, ఒక వీడియో తెరిచి చూడండి. తర్వాత దాన్ని రెండు ప్లాస్టిక్ సంచుల్లో చుట్టి బీరువా పై అరలో పెట్టండి. ఇంకో కాపీని నేను బరంపురంలో మా అక్కయ్య ఇంటికి పంపేస్తాను.